లెక్కలోకి రాని పరుగు

మా ద్వారకా నగర్‌లో ఎటు చూసినా కోచింగు సెంటర్ల బోర్డులే, వాటిమీద ర్యాంకులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలే. అర మార్కు తగ్గిందని అన్నం మానేసే పిల్లలూ, వాళ్ళను చూసి తామూ మానేసే తల్లులూ మన ఇళ్ళకు కొత్తకాదు. అటువంటి ఇళ్ళవారికి మా ఊరి అమ్మాయి యర్రాజి జ్యోతి సంగతి చెప్పాలి.

జ్యోతి 1999లో విశాఖపట్నంలో పుట్టింది. తండ్రిది కాపలా ఉద్యోగం. తల్లి ఇళ్ళలో పనిచేసేది. జ్యోతి ఎంచుకున్నది నూరు మీటర్ల హర్డిల్సు. దారిలో పది అడ్డుకర్రలు, ఒక్కొక్కటి సుమారు 84 సెంటీమీటర్ల ఎత్తు. కర్రకూ కర్రకూ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. అందులో మూడే అడుగులు వెయ్యాలి. కొలత తప్పిందా, కర్ర కాలికి తగిలి పరుగు చెడుతుంది.

ఈ పందెంలో మన దేశపు రికార్డు 2002లో అనురాధా బిశ్వాల్ నెలకొల్పిన 13.38 సెకండ్లు. 2020లో మూడబిదిరెలో జరిగిన విశ్వవిద్యాలయాల పోటీలలో జ్యోతి 13.03కే గీత దాటింది. రికార్డన్నారా? అనలేదు. అక్కడ డోపింగు పరీక్ష జరగలేదు, సమాఖ్య ప్రతినిధీ లేడు. 2022 ఏప్రిల్‌లో కోజికోడ్‌లో 13.09. ఈసారి గాలి అడ్డుపడింది. వెనకనుంచి వీచే గాలి సెకండుకు 2 మీటర్లు మించితే రికార్డుగా ఒప్పుకోరు. ఆనాటి గాలి 2.1!

తప్పు ఎవరిదంటారు? నిబంధనది కాదు, అదే లేకపోతే గాలివాటున పోయిన ప్రతివారూ వీరులే. అమ్మాయిదీ కాదు, గాలిని ఆమె పిలవలేదు కదా! మనమైతే తలరాత అనుకుని చతికిలబడేవాళ్ళం. జ్యోతి మరుసటి నెల, మే 10న, సైప్రస్‌లోని లిమసాల్‌లో 13.23లో పరుగెత్తింది. ముందటి రెండింటికన్నా నెమ్మదే సుమండీ! అయినా అది లెక్కకు వచ్చింది. ఇరవై ఏళ్ళ రికార్డు చెదిరింది.

ఆ అక్టోబరులో జాతీయ ఓపెన్ అథ్లెటిక్సు పోటీలలో 12.82. పదమూడు సెకండ్లలోపు పరుగెత్తిన మొదటి భారతీయ మహిళ ఆమే. 2023 జులైలో బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం గెలిచింది. ఎంతలో అనుకున్నారు? 13.09! కోజికోడ్‌లో గాలికి కొట్టుకుపోయిన అంకే అది. ఆగస్టులో చెంగ్డూలో 12.78. అదే నెలలో హంగరీ రాజధాని బుడాపెస్టులో ప్రపంచ పోటీలలో మాత్రం తొలి రౌండు దాటలేకపోయింది. అక్కడా ఆగలేదు. అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో రజతం, 2024లో పారిస్ ఒలింపిక్సు, 2025లో గుమిలో మళ్ళీ ఆసియా స్వర్ణం.

పుస్తకంలోకి ఎక్కని ఆ రెండు పరుగులూ వ్యర్థం కాలేదు. పదమూడు సెకండ్ల గుమ్మం దాకా తాను రాగలనని వాటివల్లనే ఆమెకు తెలిసింది. పోయిన అర మార్కుతో నేర్చిన పాఠం పోదు. పిల్లవాడికి ముందు అన్నం పెట్టండి. తరవాత పుస్తకం వాడే తెరుస్తాడు.