జపానువారి రాక్షసమృగ చిత్రములు

రాక్షసమృగముల చలనచిత్రములు బాలురను బెదరించి కాసులు గడించుటకే పుట్టినవని పెద్దలు పలువురు తలంతురు. కొన్నిటి విషయమున నీ మాట నిజమే. కాని వానికి మార్గదర్శకమై, పరదేశములందు గాడ్జిల్లా యని పేరొందిన ‘గోజిరా’ చిత్రమును గూర్చి యట్లనుట న్యాయము కాదని నా యభిప్రాయము.

1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరములు అణుబాంబులచే దగ్ధమయ్యెను. 1954 మార్చి 1వ తేదీన అమెరికావారు బికినీ దీవులయొద్ద హైడ్రోజను బాంబును పరీక్షింపగా, దాని విషధూళి జపానువారి చేపలపడవపై రాలెను. అందలి 23 మందియు వ్యాధిగ్రస్తులైరి. ఒకరు సెప్టెంబరులో మరణించిరి. ఆ యేడే నవంబరు 3వ తేదీన హోండా ఇషిరో దర్శకత్వమున గోజిరా వెలువడెను. బాంబుపరీక్షలచే సముద్రగర్భమునుండి లేచిన పురాతనమృగము టోకియో నగరమును కాల్చివేయుటయే కథ. అందు మొట్టమొదట నశించునది యొక ఓడ. దానిని చూచిన జపానువారు కట్టుకథ యని నవ్వగలిగియుందురా?

ఆ మృగము తొడుగు ధరించిన మనుజుడే. అది త్రొక్కినవి బొమ్మయిండ్లే. దాని గర్జన, తోలు చేదొడుగుతో పెద్ద తంత్రీవాద్యమును రాచి పుట్టించినదే. ఇదంతయు నెఱిగియు ప్రేక్షకుని మనస్సు కలగుటకు కారణము, కాలిన వీథులును, వైద్యశాలలో వరుసగా పరుండియున్న క్షతగాత్రులును.

విద్యార్థులు ముఖ్యముగా గమనింపదగినవాడు సెరిజావా యను శాస్త్రజ్ఞుడు. మృగమును చంపగల సాధన మతనియొద్ద కలదు. అది పాలకుల చేతబడిన మఱియొక బాంబగునని వెఱచి యతడు దానిని దాచియుంచును. తుదకు ప్రజల యిడుమలు చూడజాలక, తన వ్రాతప్రతులను కాల్చివైచి, సముద్రమున దిగి మృగముతోపాటు తానును ప్రాణములు విడుచును. విద్య సంపాదించినవానికి దాని ఫలితములయందు బాధ్యత కలదని యింతకంటె స్పష్టముగా చెప్పు పాఠ్యగ్రంథములు అరుదు.

పిమ్మట వచ్చిన చిత్రములు పెక్కింటిలో నా మృగము పిల్లల చెలికాడై, కేవలము మల్లయుద్ధములు చేసినది. అయినను మూలార్థము నశింపలేదు. 2011లో భూకంపమును, సముద్రపుటుప్పెనయు, ఫుకుషిమా అణువిద్యుత్కేంద్రపు విపత్తును సంభవించిన పిదప, 2016లో ‘షిన్ గాడ్జిల్లా’ వెలువడి, ఆపత్కాలమున తటపటాయించు ప్రభుత్వమును ఎత్తిచూపెను. 2023 నాటి ‘గాడ్జిల్లా మైనస్ వన్’ యుద్ధానంతరపు జపానును చిత్రించి, మఱుసటి సంవత్సరము ఆస్కారు బహుమానము పొందెను.

కావున తల్లిదండ్రులారా, ఇట్టి చిత్రములను చూడవలదని బిడ్డలను వారించుటకంటె, చూచిన పిమ్మట “ఈ మృగమును నిద్రలేపినవారెవరు?” అని యడుగుట మేలు.