గీకుడు చేసిన గాయానికి గొడ్రాలన్న పేరా?

పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండకపోతే మన వాడల్లో ముందు ఆడదాన్నే నిలదీస్తారు. సీమంతాలకు పిలవరు. ఆఖరికి మొగుడికి రెండో పెళ్లి చేస్తారు. ఆమె గర్భసంచికి ఏమైందని మాత్రం ఎవరూ అడగరు. మేము అడుగుతున్నాం.

కడుపు పోయినా, కాన్పు తర్వాత మాయ ముక్క మిగిలినా 'కడగాలి' అంటారు. చిన్న గరిటె లాంటి ఇనుప పనిముట్టుతో లోపల గీకుతారు. గీకుడు లోతుకు పోతే గర్భసంచి లోపలి పొర చెడుతుంది. పుండు మానినచోట మచ్చ కట్టినట్టే అక్కడా మచ్చ కడుతుంది. ఎదురెదురు గోడలు అతుక్కుపోతాయి. ముట్టు తగ్గుతుంది, లేదా ఆగిపోతుంది. పిండం నిలవడానికి చోటుండదు. నిలిచినా జారిపోవచ్చు. 1894లో ఫ్రిట్ష్ అనే జర్మన్ డాక్టరు ఈ సంగతి రాశాడు. 1948లో ఆషర్మన్ వివరంగా చెప్పాడు, ఆయన పేరే ఈ జబ్బుకు నిలిచింది. మన దేశంలో ఇంకో కారణం కూడా వుంది: గర్భసంచికి పట్టే క్షయ. చాలీచాలని తిండి, గాలాడని ఇరుకు ఇళ్లు వున్నచోట అది తేలిగ్గా పాకుతుంది.

ఇందులో ఆడదాని పాపమేముంది? దిష్టి ఎక్కడుంది?

ఇనుప గీకుడు కాలం చెల్లిన పద్ధతి, మానేయండని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది. గొట్టంతో పీల్చడమో, మందులో వాడమంది. అయినా ఇంకా గీకుతూనే వున్నారు.

అక్కలారా, చెల్లెళ్లారా! కడగాలంటే 'ఏ పద్ధతిలో?' అని నోరు తెరిచి అడగండి. రాయించుకున్న చీటీ దాచుకోండి. 1971 చట్టం ప్రకారం కడుపు తీయాల్సింది శిక్షణ వున్న డాక్టరే, ఊరి ఆర్.ఎం.పి. చేతికి ఒప్పుకోవద్దు. కడిగాక రెండు నెలలైనా ముట్టు రాకపోతే, మళ్లీ కడుపు కాదని తేల్చుకుని పెద్దాసుపత్రికి పోండి. సన్నటి దుర్బిణి గొట్టం లోపలికి పంపి అతుకుల్ని చూస్తారు, కోసి విడదీస్తారు. అందరికీ బిడ్డలు కలుగుతారని మేము చెప్పం. అతుకులు తక్కువుంటే ఆశ ఎక్కువ. ఆ తర్వాత కడుపు నిలిస్తే కాన్పు పెద్దాసుపత్రిలోనే కావాలి, మాయ అంటుకుపోయే ప్రమాదముంది. క్షయ అని తేలితే సర్కారు మందులు ఉచితం.

అన్నలారా! భార్యను వేలెత్తి చూపేముందు మీ వీర్యపరీక్ష చేయించుకోండి.

ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పీల్చే పరికరం, అది వాడటం నేర్చిన డాక్టరు వుండాలి. ప్రతి జిల్లా ఆసుపత్రిలో దుర్బిణి పరీక్ష ఉచితంగా జరగాలి. సంఘం మీటింగుల్లో ఈ మాట సిగ్గుపడకుండా మాట్లాడండి. 'గొడ్రాలు' అన్న తిట్టు మన వాడలో ఇక వినపడకూడదు.