సుంకము తొలగినంతనే చాలునా?

స్వేచ్ఛావాణిజ్యమను మాట మన దేశమున తీపి జ్ఞాపకములను రేపునది కాదు. 1882లో ఆంగ్ల ప్రభుత్వము ఆ పేరుననే విదేశ వస్త్రములపై దిగుమతి సుంకమును రద్దుచేసెను. మరల సుంకము విధింపక తప్పని దినములు వచ్చినపుడు, లాంకషైరు మిల్లుల తృప్తి కొరకై, 1896లో మన మిల్లుబట్టలపైననే నూటికి మూడున్నర వంతున ఎక్సైజు పన్ను నిలిపెను. ఆ పన్ను 1926లో గాని రద్దు కాలేదు. నాడు మనకున్నది ఆజ్ఞయే గాని ఒడంబడిక కాదు.

2025 జూలై 24వ తేదీన భారత, బ్రిటను ప్రభుత్వములు సంతకము చేసిన వాణిజ్య ఒడంబడిక అట్టిది కాదు. ఇరుపక్షములును సరిసమానముగ కూర్చుండి బేరమాడినవి. మన సరకుల పద్దులలో నూటికి 99 పద్దులపై సుంకమును తొలగించుటకు బ్రిటను అంగీకరించినది. మనమును స్కాచి విస్కీపై నూటికి 150గా నున్న సుంకమును తొలుత 75కును, పదియేండ్లలో 40కిని తగ్గించుట కొప్పుకొంటిమి. పాడి సరకులను మాత్రము బేరములోనికి రానీయలేదు. ఇచ్చినదియు తెలిసియే యిచ్చితిమి. పుచ్చుకొన్నదియు తెలిసియే పుచ్చుకొంటిమి. కనుక దీనిని మేము స్వాగతించుచున్నాము.

ఇందు ఆంధ్రదేశమునకు ముఖ్యమైనది రొయ్య. మన దేశమున రొయ్యల పెంపకమున ఆంధ్రప్రదేశమే అగ్రస్థానమున నున్నది. రొయ్య మున్నగు జలోత్పత్తులపై బ్రిటనులో నూటికి 4.2 మొదలు 8.5 వరకు నున్న సుంకము ఈ ఒడంబడిక ననుసరించి తొలగవలసినది. మనతో పోటీపడు వియత్నామునకు బ్రిటనుతో నిట్టి ఒడంబడిక 2021లోనే అమలులోనికి వచ్చినది. అనగా మనకు లభించినది ప్రత్యేకానుగ్రహము కాదు. పందెమున వెనుకబడిన చోటునుండి సమానమైన గీటుకడకు వచ్చితిమి, అంతియే. అదియును స్వల్పమని మేమనము. ఏలయన, ఒకే అంగడిపై ఆధారపడిన వర్తకమునకు కలుగు చేటును మనము కన్నులార చూచితిమి. మన రొయ్యకు పెద్ద కొనుగోలుదారగు అమెరికా 2025 ఆగస్టులో భారతీయ సరకులపై సుంకమును నూటికి 50కి పెంచినపుడు, ఆ దెబ్బ గోదావరి, కృష్ణా డెల్టాల చెరువుగట్టు వరకు వచ్చి తగిలినది.

అయితే సుంకము తొలగినంత మాత్రమున ద్వారము తెరచుకొనదు. ఆస్ట్రేలియాతో మనము చేసికొన్న ఒడంబడిక 2022 డిసెంబరు 29 నుండి అమలులోనున్నది. కాని ఒలవని భారతీయ రొయ్యకు ఆ దేశమున తొలి అనుమతి దొరకుట 2025 అక్టోబరులో. నడుమ అడ్డునిలిచినది సుంకము కాదు, తెల్లమచ్చ వ్యాధి భయము. క్వీన్స్‌లాండు రొయ్యల చెరువులలో ఆ వ్యాధి బయల్పడగా, 2017 జనవరిలో ఆ ప్రభుత్వము పచ్చిరొయ్యల దిగుమతిని ఆపి, పిమ్మట కఠిన నిబంధనలు విధించెను. ఐరోపా సమాఖ్యయు యాంటీబయోటిక్ మందుల శేషము లున్నవని 2016లో మన పెంపక రొయ్యలలో పరీక్షింపవలసిన భాగమును నూటికి 10 నుండి 50కి పెంచెను. రేవులో నిలచిపోయిన సరకునకు సుంకము లేకున్న నేమి, ఉన్న నేమి?

కావున చేయవలసిన పని రేవున గాక చెరువున నున్నది. నిషిద్ధమైన మందులను అమ్మువారిని, వాడువారిని గట్టిగ అదుపుచేయవలెను. వ్యాధిలేని పిల్లను రైతున కందింపవలెను. భీమవరము, ఉండి, కైకలూరు వంటి చోట్ల పట్టుబడికి ముందే రైతు తన సరకును పరీక్షింపించుకొన వీలైన ప్రయోగశాలలు వలసినన్ని యుండవలెను. ఏ రొయ్య ఏ చెరువున పెరిగినదో చూపు పత్రము చిన్న రైతునకును సులభముగ చేతికి రావలెను. చెరువులకు భూములను కౌలుకిచ్చిన భూస్వాములు కౌలు వసూలుతో తమ పని ముగిసినదని తలపరాదు. మంచినీటి కాలువ, మురుగుకాలువ వేరుచేయు బాధ్యత వారిదియు గదా.

కడపటి మాట ఒకటి గలదు. నూరు రూపాయల సరకుపై ఎనిమిది రూపాయల సుంకము తప్పినచో, ఆ ఎనిమిది రూపాయలు ఎవరికి చేరవలెను? కొనువాడు కొంత యడుగును; ఎగుమతిదారు కొంత యుంచుకొనును; అది న్యాయమే. కాని విదేశమున సుంకము పెరిగిన వార్త వచ్చినంతనే కౌంటుధర తగ్గించువారు, సుంకము తొలగిన వార్త వచ్చినపుడు మౌనము వహించుట న్యాయము కాదు. నష్టమున భాగస్వామియైన రైతు లాభమునను భాగస్వామి కావలెను. ఎగుమతి ధరను, చెరువుగట్టున ఇచ్చు కౌంటుధరను ప్రక్కప్రక్కన ప్రభుత్వము వారము వారము ప్రకటించినచో దాపరికమునకు తావుండదు. ఒడంబడిక వ్రాయుట ఢిల్లీ పని, లండను పని. దాని ఫలము డెల్టా గ్రామమునకు చేరినదా యని చూచుట మన పని.