ఇనుము బరువు మోస్తే చాలు, నీటిని తాకనక్కర్లేదు

హైదరాబాద్‌లో చాదర్‌ఘాట్ వంతెన దగ్గర మూసీ ఒడ్డున ఉన్న మూసానగర్, కమల్‌నగర్, శంకర్‌నగర్ బస్తీల్లో మిద్దెతోట మాట ఎత్తేముందు అసలు మిద్దె ఎవరిదని అడగాలి. అద్దె గది, రేకుల కప్పు, మహా అయితే ఒక కిటికీ. ఉద్యానశాఖ గతంలో ‘మన ఇల్లు - మన కూరగాయలు’ పేరుతో సగం రాయితీ మీద కిట్లు ఇచ్చింది. మంచి పథకమే, కానీ అది డాబా ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకున్నది. మట్టి బరువు మోయలేని, ఎండ పడని ఇళ్లకు మిగిలిన దారి గది లోపలే ఒక ర్యాకు నిలబెట్టి, ఎల్ఈడీ వెలుగులో పోషకాలు కలిపిన నీటితో ఆకుకూర పెంచుకోవడం. దానికి కావలసిన సరుకంతా ఇక్కడికి కూతవేటు దూరంలోనే దొరుకుతుంది. పైపులు, స్విచ్చులు ట్రూప్‌బజార్‌లో, టైమర్లు, ఎలక్ట్రానిక్ సామాను కోఠి గుజరాతీ గల్లీలో, డబ్బాలు, పాత్రలు బేగంబజార్‌లో. సరుకు ఇంత దగ్గర్లో ఉన్నా చాలామంది ఇంటి ప్రయత్నాలు చెడేది ఒక్క చోటే. ఫ్రేముకు వాడాల్సిన లోహాన్ని నీళ్ల తొట్టికీ వాడేస్తారు.

మట్టి లేని ఈ సాగు కొత్తదేమీ కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విలియం గెరిక్ 1930ల్లో మట్టి లేకుండా టమాటా పండించి చూపించాక, అక్కడే పనిచేస్తున్న హోగ్లండ్, ఆర్నన్ 1938లో ఈ పద్ధతిని సామాన్యులకు వివరిస్తూ చిన్న పుస్తకం వేశారు. మన దేశంలో షోల్టో డగ్లస్ 1946లో కాలింపాంగ్‌లో ప్రయోగాలు మొదలుపెట్టి, ఖరీదైన పరికరాలు లేకుండా సామాన్యుడు చేసుకోగలిగే పద్ధతి కోసం వెతికాడు. లోహపు తొట్టితో ఇబ్బంది ఎక్కడంటే, హోగ్లండ్ పేరుతో ఇప్పటికీ వాడుకలో ఉన్న పోషక ద్రావణంలో జింకు లీటరుకు 0.05 మిల్లీగ్రాములే. అంటే 20 లీటర్ల తొట్టికి కావలసిన జింకు మొత్తం కలిపి 1 మిల్లీగ్రాము. మన దుకాణాల్లో దొరికే నాలుగంగుళాల జీఐ పైపు ఒక్క మీటరు ముక్కకు లోపలి వైపు పట్టి ఉండే జింకు పూత పదుల గ్రాములు. మొక్కలకు పోషకాలు బాగా అందాలంటే నీటి పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య, అంటే కాస్త పులుపు వైపు ఉండాలి. సరిగ్గా ఆ పులుపే జింకు పూతను కరిగిస్తుంది. మోతాదు మించిన జింకు వేరు దగ్గర ఇనుముకు అడ్డుపడుతుంది. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి వాటి మధ్యభాగం పసుపెక్కుతుంది. చూసినవాళ్లు పోషకం చాల్లేదనుకుని ఇంకొంచెం ఎరువు కలుపుతారు, దాంతో నీటిలో ఉప్పు పెరిగి వేర్లు మరింత దెబ్బతింటాయి. రాగి, ఇత్తడి ఇంకా తొందరగా ముంచుతాయి. ద్రావణంలో రాగి ఉండాల్సింది లీటరుకు 0.02 మిల్లీగ్రాములు, కాబట్టి నీటిని తిప్పే మోటారు పైపుకు బిగించిన ఒక చిన్న ఇత్తడి నిపిల్ కూడా చిన్న తొట్టిలో లెక్కలోకి వస్తుంది.

మూసీ దిగువన మురుగునీటితో పశుగ్రాసం, ఆకుకూరలు పండిస్తున్న తీరు మీద అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థ ఏళ్ల తరబడి అధ్యయనాలు చేసింది. ఆ మురుగునీటి కూర తినాల్సి వస్తుందన్న భయంతోనే చాలామంది ఇంట్లో పెంచుకుందామని ఆలోచిస్తున్నారు. న్యాయమైన భయమే. అయితే జింకు పూతలో సీసం కొంత కలిసి ఉండే వీలుంది. పాత సామాను దుకాణంలో కొన్న రేకు మీద ఏ రంగు ఉందో, అంతకుముందు అందులో ఏం నిల్వ చేశారో చెప్పేవారుండరు. బయటి కూరను నమ్మలేక ఇంట్లో పంట మొదలుపెట్టిన కుటుంబం అలాంటి రేకు తొట్టిలో దాన్ని పెంచకూడదు.

రోజూ స్టీలు గిన్నెల్లోనే కదా వండుకు తింటున్నాం, స్టీలు తొట్టికి ఏమైందని అడగొచ్చు. గిన్నెలో పులుసు గంట ఉంటుంది, తర్వాత తోమి ఆరబెడతాం. ఇక్కడ ఉప్పులు కలిసిన పుల్లటి నీరు వారాల తరబడి తొట్టిలోనే ఉంటుంది. 304 రకం స్టీలు రేకును వంచి చేసిన తొట్టి కొంతవరకు తట్టుకుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ వెల్డింగు పడిన చోట ఆ గుణం తగ్గుతుంది, బోరునీటిలో క్లోరైడు ఎక్కువైతే సూదిమొన మోపినంత చిల్లులు పడతాయి. పైగా చవకగా దొరికే స్టీలులో చాలావరకు నికెల్ తక్కువ ఉన్న 200 శ్రేణి రకం, చూపుకు తేడా తెలియదు. ఇక ప్లాస్టిక్ మాత్రం మంచిదా అన్న ప్రశ్న ఇంతకంటే గట్టిది. పీవీసీ పైపుల తయారీలో సీసం వాడకాన్ని కట్టడి చేస్తూ కేంద్ర పర్యావరణ శాఖ 2021లో నియమాలు తెచ్చిందంటే అనుమానానికి ఆధారం ఉన్నట్టే. అందుకే పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే పైపులు వద్దు. ఆహార పదార్థాల నిల్వకు తయారుచేసిన హెచ్‌డీపీఈ డబ్బాలు, టబ్బులు వాడాలి, వెలుతురు సోకి నాచు పట్టకుండా వాటికి బయట రంగు వేయాలి.

మరి లోహం ఎందుకంటే బరువు కోసం. అరకు 25 లీటర్ల చొప్పున మూడు అరలంటే నీళ్లే 75 కిలోలు. కిరాణా దుకాణాల్లో కనిపించే చిల్లుల యాంగిల్ ర్యాకు ఈ పనికి సరిపోతుంది. వెల్డింగు చేయించడం కంటే నట్టు బోల్టులతో బిగించుకోవడమే చాదర్‌ఘాట్‌కు తగింది. ఎగువన ఉన్న ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల గేట్లు ఎక్కువగా ఎత్తినప్పుడు ఈ బస్తీలవాళ్లు సామాను సర్దుకుని పైకి వెళ్లక తప్పడం లేదు. విప్పి పక్కకు తీసుకెళ్లలేని వస్తువు ఇక్కడ భారమే అవుతుంది. ర్యాకుకు రెడ్ ఆక్సైడ్, దానిపైన ఎనామిల్ రంగు తప్పనిసరి. టబ్బు అంచు నుంచి కారిన చుక్కలు ఆరి బోల్టు తల చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. తుప్పు మొదలయ్యేది అక్కడే కాబట్టి వారానికోసారి తడిగుడ్డతో తుడవాలి.

తుప్పు కంటే కరెంటు ప్రమాదం పెద్దది, ఇంటి ప్రయత్నాల్లో చాలామంది దీన్ని పట్టించుకోరు. ఇనుప ర్యాకు, నీళ్లు, మోటారు, లైట్లు నాలుగూ ఒకే చోట చేరతాయి. యాంగిల్‌కు డ్రిల్లుతో వేసిన చిల్లు అంచు బ్లేడులా ఉంటుంది. అందులోంచి లాగిన వైరు మోటారు అదురుకు రోజూ ఒరుసుకుని, పైతొడుగు తెగి, ఒకరోజు ర్యాకు మొత్తానికి కరెంటు వస్తుంది. చిల్లుకు రబ్బరు వాషరు బిగించడానికి పెద్ద ఖర్చు కాదు. ర్యాకుకు ఎర్తింగ్ వైరు, బోర్డులో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ లేకుండా మోటారు, లైట్లు బిగించకూడదు. ఎర్తింగే లేని రెండు పిన్నుల బోర్డులున్న ఇళ్లు బస్తీల్లో ఉన్నాయి. అలాంటి చోట మోటారు, లైట్ల జోలికే వెళ్లొద్దు. హవాయి విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త క్రాట్కీ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో నీటిని తిప్పనక్కర్లేదు. నీటిమట్టం తగ్గేకొద్దీ పైన వేలాడే వేర్లు గాలి పీల్చుకుంటాయి. కరెంటు పోయినా మొక్క వాడదు. కిటికీ వెలుగు బాగుంటే పుదీనాలాంటిది లైటు లేకుండానూ వస్తుంది.

పది రూపాయలకు తోటకూర కట్ట దొరుకుతుంటే ఇదంతా ఎందుకని అడిగేవారికి లెక్క దాచకుండా చెప్పాలి. 60 వాట్ల లైట్లు రోజుకు 14 గంటలు వెలిగితే నెలకు 25 యూనిట్లు. 18 వాట్ల మోటారు రేయింబవళ్లు తిరిగితే మరో 13. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా బిల్లు లేని ఇంటికి ఇది ఉచితమే అనిపిస్తుంది, కానీ ఇప్పటికే 170 దాటి వాడుతున్న ఇల్లు ఈ 38 యూనిట్లతో గీత దాటి మొత్తం బిల్లు కట్టాల్సి వస్తుంది. మూడు అరల ర్యాకు ఇంటి కూర ఖర్చు తీర్చదు. కొత్తిమీర, పుదీనా, పాలకూర ఏ నీటిలో పెరిగాయో తెలిసి తినే వీలు మాత్రం ఇస్తుంది. డబ్బు ఆదా అవుతుందని ఆశపెట్టి కిట్లు అమ్మడం తప్పు.

ఉద్యానశాఖ కార్యాలయం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో ఉంది, శిక్షణ సంస్థ పక్కనే రెడ్‌హిల్స్‌లో ఉంది. చాదర్‌ఘాట్ నుంచి రెండూ దగ్గరే. కొత్త రాయితీల కంటే ముందు ఆ శాఖ చేయాల్సింది చిన్న పని. చిల్లుల యాంగిల్ ర్యాకు, హెచ్‌డీపీఈ టబ్బులు, ఎర్తింగ్‌తో కూడిన ఒక నమూనాను కొలతలతో సహా తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి పంచాలి. శిక్షణ రోజుల్లో పీహెచ్, టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల) మీటర్లు బల్ల మీద పెట్టి, ఎవరు సీసాలో నీళ్లు తెచ్చినా పరీక్షించి చెప్పాలి. ర్యాకులు బిగించే పనివాళ్లను, బస్తీ ఎలక్ట్రీషియన్లను కూడా ఆ తరగతికి పిలవాలి, ఎందుకంటే ఏ పైపు కొనాలో చాలా ఇళ్లలో చెప్పేది వాళ్లే.