హంపీ ఏటి మీద వంతెన ఎక్కడ?

తుంగభద్రలో, హంపీ విఠ్ఠలాలయం దగ్గర విజయనగర కాలపు వంతెన ఆనవాళ్లు నేటికీ ఉన్నాయి. నీరు తగ్గినప్పుడు బండరాళ్ల మధ్య గ్రానైటు స్తంభాలు బారులు తీరి కనిపిస్తాయి. వాటి మీద నడిచే దారి మాత్రం ఎప్పుడో పోయింది.

ఆవలి ఒడ్డు ఆనెగొంది. 1520 ప్రాంతంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఇక్కడ జనం పుట్టిలో ఏరు దాటడం చూసి రాశాడు. లోపల బెత్తపు అల్లిక, బయట తోలు, ఒక్కోదానిలో పదిహేను ఇరవై మంది. తర్వాత నాలుగు వందల ఏళ్లు దాటినా ఆనెగొంది వాళ్లకు పుట్టే గతి అయింది. వరదొస్తే అదీ ఆగిపోతుంది. బడికి, ఆసుపత్రికి, సంతకు వెళ్లాల్సిన వాళ్లు వంతెన అడిగితే అది అత్యాశ కాదు. హైదరాబాదులో 1578లో కట్టిన పురానాపూల్ శతాబ్దాల పాటు జనాన్ని మోసింది. పాత నగరాలు కూడా రాకపోకల మీదే బతికాయి.

అక్కడ వంతెన వద్దనే వాదనకూ బలం ఉంది. హంపీ 1986లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. గుళ్లు, కొండలు, ఏరు కలిస్తేనే అది హంపీ. ఆ నడుమ కొత్త వంతెనలు లేస్తున్నాయని యునెస్కో 1999లో దాన్ని ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో చేర్చి, 2006లో తీసేసింది. భారీ వాహనాలు ఆ దారి పడితే పాత కట్టడాలకు ముప్పేనన్న భయం ఉత్తది కాదు. ఆ కొత్త వంతెనల్లో ఒకటైన, ఆగుతూ సాగిన ఆనెగొంది వంతెన 2009 జనవరిలో, పని నడుస్తుండగానే కూలిపోయి కూలీల ప్రాణాలు తీసింది.

నా మట్టుకు వంతెన కావాల్సిందే, విఠ్ఠలాలయం పక్కన మాత్రం కాదు. దిగువన బుక్కసాగర, కడేబాగిలు మధ్య కట్టిన వంతెన సరైన దారి చూపింది. అయితే అందువల్ల ఆనెగొంది వాళ్లకు చుట్టు తిరుగుడు మిగిలింది. ఆ స్తంభాలు దేశమంతటి ఆస్తి అయినప్పుడు, వాటిని కాపాడే ఖర్చు ఒక్క ఊరి కాళ్ల మీద పడకూడదు. వేళకు నడిచే బస్సులు, రేవులో భద్రమైన పడవలు ఏర్పాటు చేయడం ప్రభుత్వం ఆ ఊరికి తీర్చాల్సిన బాకీ.