లెక్కకు రాని పేర్లు

ఇంటి పనికి లెక్క లేదని, పొలం పనికి సగం లెక్కేనని మనం ఏళ్ళ తరబడి చెప్తూనే ఉన్నాం. మరి చదువుకుని ప్రయోగశాల దాకా వెళ్ళిన స్త్రీ శ్రమకైనా సరైన లెక్క ఉందా?

ఈ ప్రశ్న నంద్యాలలో డిగ్రీ విద్యార్థినులతో, అధ్యాపకురాళ్ళతో మాట్లాడుతున్నప్పుడు వచ్చింది. మైక్రోబయాలజీ చదువుతున్న అమ్మాయిలు చాలామందే ఉన్నారు. ఆ శాస్త్రంలో మన దగ్గర పనిచేసి పేరు పొందిన స్త్రీ ఒకరి పేరు చెప్పమంటే ఎవరూ చెప్పలేకపోయారు. ఆళ్ళగడ్డ నుంచి వచ్చిన ఒక అధ్యాపకురాలి బాధ వేరు. పెళ్ళికి ముందు పుట్టింటి పేరుతో, తర్వాత అత్తింటి పేరుతో ఆవిడ అచ్చువేసిన పరిశోధన వ్యాసాలు ఇద్దరు వేర్వేరు మనుషులవిగా నమోదయ్యాయి.

ఆ అమ్మాయిలకు నేను చెప్పిన పేరు డాక్టర్ మంజులా రెడ్డి. హైదరాబాదులోని సీసీఎంబీలో బాక్టీరియా మీద ఏళ్ళ తరబడి పరిశోధన చేసిన శాస్త్రవేత్త. బాక్టీరియా చుట్టూ వలలాంటి గట్టి గోడ ఉంటుంది. పెన్సిలిన్ వంటి మందులు ఆ వల అల్లికనే దెబ్బతీస్తాయి. బాక్టీరియా పెరగాలంటే పాత వలను అక్కడక్కడా కోసి కొత్త పోగులు చేర్చాలి. ఈ.కోలైలో ఆ కోసే పని మూడు ఎంజైములదని, మూడూ లేకపోతే అది బతకలేదని ఆమె బృందం 2012లో నిరూపించింది. వాటిలో ఒకదాన్ని కణం ఎలా అదుపులో ఉంచుకుంటుందో 2015లో చూపింది. 2019లో ఆమెకు జీవశాస్త్రాల విభాగంలో ఇన్ఫోసిస్ బహుమతి వచ్చింది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. స్త్రీలను పదే పదే బాధించే మూత్రనాళ ఇన్ఫెక్షన్లకు ఎక్కువగా కారణం ఈ.కోలైయే. మందులకు లొంగని బాక్టీరియా పెరిగిపోతున్న ఈ కాలంలో కొత్త మందు ఎక్కడ దెబ్బకొట్టాలో వెతకడానికి ఇలాంటి జ్ఞానమే ఆధారం.

అయితే పరిశోధనలోకం ఎవరి పనినైనా సైటేషన్లతో కొలుస్తుంది. అంటే, ఒకరి వ్యాసాన్ని ఇతరులు తమ వ్యాసాల్లో ఎన్నిసార్లు పేర్కొన్నారనే లెక్క. 2005లో హెచ్-ఇండెక్స్ వచ్చాక మనిషి పరిశోధన జీవితమంతా ఒక్క అంకెలోకి కుదించుకుపోయింది. ఎక్కువమంది పనిచేసే రంగంలో అంకె త్వరగా పెరుగుతుంది, కొద్దిమందే పనిచేసే మౌలిక పరిశోధనలో మెల్లగా పెరుగుతుంది. పేరు చిక్కు మరొకటి. మంజులా రెడ్డి 2007లో ఒక్కరే రాసిన వ్యాసం సూచికల్లో 'రెడ్డి ఎం.' పేరున కనిపిస్తుంది. తెలుగునాట ఎందరు రెడ్డి ఎం.లు ఉంటారో వేరే చెప్పాలా! రాసింది స్త్రీ అన్న సంగతి ఆ ఒక్క అక్షరం వెనుక మరుగున పడిపోతుంది.

తెలిసినచోటా వివక్ష తప్పలేదు. 2013లో 'నేచర్' పత్రికలో వచ్చిన అధ్యయనం 54 లక్షలకు పైగా వ్యాసాలను పరిశీలించింది. ముఖ్య రచయితగా స్త్రీ ఉన్న వ్యాసాలకు సైటేషన్లు తక్కువని తేల్చింది. పురుషులు తమ పాత వ్యాసాలను తామే పేర్కొనడం స్త్రీలకంటే 56 శాతం ఎక్కువని 2017లో మరో అధ్యయనం చెప్పింది. అమెరికన్ మైక్రోబయాలజిస్టు ఎస్తర్ లెడర్‌బర్గ్ లాంబ్డా వైరస్‌ను కనుగొంది, భర్తతో కలిసి కీలకమైన ప్రయోగ పద్ధతిని రూపొందించింది. 1958లో నోబెల్ మాత్రం ఆమె భర్తకూ మరో ఇద్దరు పురుషులకూ వచ్చింది. స్త్రీల శాస్త్రకృషి పురుషుల ఖాతాలో పడడానికి చరిత్రకారిణి మార్గరెట్ రోసిటర్ 1993లో 'మటిల్డా ప్రభావం' అని పేరుపెట్టారు. మటిల్డా గేజ్ 19వ శతాబ్దపు అమెరికాలో స్త్రీల హక్కుల కోసం పోరాడిన మనిషి.

మన అధ్యాపకురాళ్ళకు ఇది ఉద్యోగ సమస్య కూడా. 2010 యూజీసీ నిబంధనలతో అచ్చయిన వ్యాసాలు ప్రమోషన్లలో పాయింట్లుగా మారాయి. పీహెచ్‌డీ చేసే స్త్రీలకు రెండేళ్ళ అదనపు గడువు, 240 రోజుల సెలవు 2016 నిబంధనల్లో చేరాయి. సంతోషమే. కానీ కాన్పు కోసం, పిల్లల కోసం ఆగిన ఏళ్ళను హెచ్-ఇండెక్స్ మినహాయించదు.

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. ఎంపిక కమిటీలు అంకె చూసి ఊరుకోకుండా వ్యాసాన్ని చదవాలి. సెలవు కాలాన్ని లెక్కలోంచి తీసేయాలి. ప్రయోగం చేసిన అమ్మాయి పేరు వ్యాసంలో ఆమెకు చెందవలసిన స్థానంలో ఉండాలి. కాలేజీలు పరిశోధకురాళ్ళకు మొదటి వ్యాసం నాడే ఓర్సిడ్ సంఖ్య ఇప్పించాలి. 2012 నుంచి ఉచితంగా దొరికే ఈ సంఖ్య, ఇంటిపేరు మారినా మనిషిని ఒక్కరిగానే నిలుపుతుంది. స్త్రీల సంఘాలు కూడా కాలేజీలకు వెళ్ళి ఈ విషయాలు మాట్లాడాలి.

కూలి లెక్క అడిగాం. ఆస్తిలో వాటా అడిగాం. జ్ఞానంలో మన వాటా లెక్క కూడా అడుగుదాం.