నాగమ్మకో సీరియల్ కావాలి!

పల్నాటివాళ్ళ దగ్గర సినిమా కబుర్లు మొదలుపెట్టి చూడండి. నరసరావుపేటైనా, మాచర్లైనా, గురజాలైనా మాట చివరికి కారంపూడి రణరంగం దగ్గర తేలాల్సిందే! నాగమ్మ అంటే కన్నాంబే అనేవాళ్ళు ఒకవైపు, కాదు భానుమతే అనేవాళ్ళు మరోవైపు. ఈ తగువులో ఈ వారం మనమూ ఓ చెయ్యి వేద్దాం.

'పల్నాటి యుద్ధం' పేరుతో రెండు చిత్రాలొచ్చాయి. మొదటిది 1947లో. 'మాలపిల్ల' (1938) తీసిన గూడవల్లి రామబ్రహ్మంగారు దీన్ని మొదలుపెట్టి 1946లో కన్నుమూస్తే, ఎల్.వి. ప్రసాద్ పూర్తిచేశారు. 'మాలపిల్ల' తీసినాయన చాపకూడు కథ ఎత్తుకోవడంలో వింతేముంది? కులం చూడకుండా అందరికీ ఒకే చాపమీద అన్నం పెట్టించిన బ్రహ్మనాయుడిగా గోవిందరాజుల సుబ్బారావు, బాలచంద్రుడిగా కుర్ర అక్కినేని, నాగమ్మగా కన్నాంబ. రెండోది 1966లో గుత్తా రామినీడు తీసింది. అందులో బ్రహ్మనాయుడు ఎన్.టి.ఆర్., నాగమ్మ భానుమతి.

కన్నాంబ పలుకు పిడుగు. భానుమతి చూపు చాలు, ఎదుటివాడు తలొంచుకోవాల్సిందే. నా ఓటు కన్నాంబకే. కానీ ఇద్దరికీ ఒకటే చిక్కు వచ్చిపడింది. కోడిపందెం, ఏడేళ్ళ వనవాసం, అలరాజు రాయబారం, అతని చావు, బాలుడి యుద్ధం - ఇన్నీ ఒక్క ఆటలో ఇమడాలంటే ఎవరో ఒకరు నింద మొయ్యాలిగా! అది నాగమ్మ నెత్తిన పడింది. 12వ శతాబ్దంలో ఒక ఆడమనిషి నలగామరాజు కొలువులో మంత్రిగా ఎలా ఎదిగిందో చెప్పడానికి రీలు చాల్లేదు.

ఇక్కడే బుల్లితెర గుర్తొస్తుంది. 1988 అక్టోబరు 2న దూరదర్శన్‌లో మొదలైన బి.ఆర్. చోప్రా 'మహాభారత్' 94 భాగాలు నడిచింది. అంత తీరిక ఉంది కాబట్టే కర్ణుడి బాధా మన బాధైంది. మరి పల్నాటి కథను ఆంధ్రభారతం అంటాం కదా, దానికి ఆ తీరిక ఎప్పుడు?

అన్నట్టు, కారంపూడివాళ్ళు ఈ పని ఎప్పట్నించో చేస్తున్నారు! ఏటా కార్తీక అమావాస్య మొదలు ఐదు రోజుల వీరారాధన - రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రోజుకో ఘట్టం. ఇది సీరియల్ కాక మరేమిటి చెప్పండి?

పల్నాడు 2022లో జిల్లా కూడా అయింది. ఇకనైనా ఎవరో ఓ నిర్మాత పూనుకోవాలి. నాగమ్మను కోడిపందెంతో కాదు, ఆమె చిన్నతనంతో మొదలుపెట్టాలి. బ్రహ్మనాయుడు కొడుకులా చూసుకున్న మాల వీరుడు కన్నమదాసుకి రెండు డైలాగులిచ్చి ఊరుకోకుండా, నాలుగు వారాలైనా కేటాయించాలి. అప్పుడు బ్రహ్మనాయుడి అభిమానులం కూడా నాగమ్మ మాట చివరిదాకా వింటాం. విన్నాక తిట్టుకుంటామో, మెచ్చుకుంటామో తర్వాతి సంగతి.

ఇంతకీ మీ ఓటు ఏ నాగమ్మకి?